అయిదువందల బేరం

కిందటి వారం ఈ పేజీలో మాగాయ జాడీకి వాసెన కట్టే పద్ధతి గురించి రాసినందుకు వచ్చిన ఉత్తరాలు చూస్తే, దేశంలో ఇంకా జాడీలు మిగిలి ఉన్నాయన్న ధైర్యం కలిగింది. వాటికి జవాబులు వచ్చే వారం. ఈ వారం జాడీ సంగతి కాదు, అడవి సంగతి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అడవిలో నా పెద్దరికానికి పట్టిన గతి.

మా పెద్దవాడు అమెరికాలో ఉంటున్నాడని లోగడ మనవి చేసే ఉన్నాను. వాడి కూతురు, పద్నాలుగేళ్ళది, వేసవి సెలవులకు నర్సీపట్నం వచ్చింది. అక్కడి వాళ్ళ వేసవి సెలవులంటే మనకు ఆషాఢ శ్రావణాలు. మామిడిపళ్ళు అయిపోయి, గొడుగులు బయటికి తీసే రోజులు. వచ్చిన నాలుగు రోజులూ అది మామ్మ పెట్టిన అట్లు తిన్నది, బలిఘట్టంలో వరాహనది చూసింది, కరెంటు పోయినప్పుడల్లా నవ్వింది. అయిదోరోజు పొద్దున్న డాబామీద నిలబడి, పడమటివైపు మబ్బుల్లో మునిగి ఉన్న కొండల వరస చూపించి, "తాతయ్యా, అక్కడ రెయిన్ ఫారెస్టు ఉందా?" అని అడిగింది.

కారణం ఏమంటే, నిరుడు మావాడు దాన్ని కోస్టారికా తీసుకువెళ్ళాడట. మధ్య అమెరికాలో చిన్న దేశం. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం. అక్కడ వర్షారణ్యంలో టిక్కెట్టు పుచ్చుకుని, గైడును వెంటబెట్టుకుని తిరగడం పెద్ద వేడుకట. చెట్ల తలలమీదుగా వేలాడే వంతెనలు, తీగకు తగిలించుకుని ఈ కొండమీంచి ఆ కొండమీదికి జారడాలు, గైడు భుజాన ఓ దూరదర్శిని. దాన్ని మూడు కాళ్ళమీద నిలబెట్టి, కొమ్మకు తలకిందులుగా వేలాడే స్లాత్ అనే జంతువును చూపించాడట. ఆ ప్రాణి వారానికి ఒక్కమాటు మాత్రమే, అదీ కాలకృత్యానికి, చెట్టు దిగుతుందట. "మన వీధిలో అటువంటివాళ్ళు ఇద్దరున్నారు" అన్నది మా ఆవిడ.

మనవరాలి ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫయి ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో తెలుగు మేస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ కొండలను నేను రోజూ చూశానేగాని, ఎప్పుడూ వాటిలోకి వెళ్ళలేదు. నా మటుకు మన్యమంటే చింతపండు వచ్చే చోటు, కొండచీపుళ్ళు వచ్చే చోటు, పసుపు, తేనె, అడ్డాకులు వచ్చే చోటు. అంతకు ముందు తరంవాళ్ళకు చలిజ్వరం వచ్చే చోటు. "మన్యం నీళ్ళు తాగితే మంచానికి అంటుకుపోతావు" అని మా నాన్నగారు బెదిరించేవారు. మలేరియా దోమవల్ల వస్తుందిగాని నీళ్ళవల్ల రాదని చదువుకున్నాక కూడా, ఆ మాట కాళ్ళలో ఎక్కడో ఉండిపోయింది.

అయినా తాతయ్యకు తెలియదని చెప్పడం ఎలా? పుస్తకాలు తిరగేశాను. సంవత్సరం పొడుగునా వానలు పడుతూ, ఎన్నడూ ఆకు రాల్చని అడవిని వర్షారణ్యం అంటారు. మన తూర్పు కనుమలకు వాన జూన్ నుంచి అక్టోబరు దాకా. వేసవిలో చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. లోయల్లో, వాగుల పక్కన మాత్రం ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. కనక శాస్త్రప్రకారం మనది వర్షారణ్యం కాదు, తేమగల ఆకురాల్చు అడవి. ఇంత వివరంగా చెబితే, చిన్నది అంతా విని, "ఇప్పుడు వర్షం పడుతోందిగా?" అన్నది. దాంతో ప్రయాణం ఖాయమైంది.

మా వీధి చివర జీపు నడిపే అతను ఉన్నాడు. లంబసింగి అవతల ఒక గూడెంలో తనకు తెలిసిన కుర్రాడున్నాడనీ, వచ్చినవాళ్ళను అడవిలో తిప్పి జలపాతం చూపించి తీసుకువస్తాడనీ చెప్పి, ఫోను కలిపి ఇచ్చాడు. ఆ కుర్రాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తన కూలి పదిహేను వందలు అన్నాడు.

"పదిహేను వందలా! నాయనా, అడవి నీదా?" అన్నాను.

అవతల ఒక నిమిషం మాట లేదు. తరువాత, "అడవి నాది కాదు మేస్టారూ, రోజు నాదండి" అన్నాడు.

నేను ఓడిపోయే రకం కాదు. మా ఊరి సంతలో వంకాయల దగ్గర నేర్చిన విద్య అంతా ప్రయోగించి, వెయ్యికి దింపాను. ఫోను పెట్టేసి మా ఆవిడవైపు చూశాను. ఆవిడ మెచ్చుకోలేదు. "జీపువాడికి అడిగినంతా ఇచ్చారు. అడవిలో తిప్పేవాడి దగ్గర బేరమా?" అన్నది. జీపుకు పెట్రోలు ఖర్చు ఉంటుందని సమాధానం చెప్పాను. మనిషికి ఖర్చు ఉండదు కాబోలునని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారకముందే బయలుదేరాం. పులిహోర, చక్కిలాలు, మూడు గొడుగులు, ఒక అమృతాంజనం. డౌనూరు దాటగానే ఘాటీ మొదలైంది. రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే, కింద పొలాలు చాపలు పరిచినట్టు కనిపించి, కాసేపటికి మబ్బు కమ్మి ఏమీ కనిపించలేదు. మబ్బు జీపులోకే వచ్చి కూర్చుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు మూడు వేల మూడువందల అడుగుల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడ గడ్డిమీద మంచు పేరుకుంటుందని, రాత్రి ఆరుబయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని, అందుకే దానికి కొర్రబయలు అనే పేరు వచ్చిందని చెబుతారు.

ఈ రోడ్డు కథ నాకు తెలుసు. మేస్టర్ని కదా, చెప్పకుండా ఉండలేను. నూరేళ్ళకు పైమాట. తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ అనేవాడు, నర్సీపట్నం నుంచి లంబసింగికి ఈ రోడ్డు వేయించాడు. కొండవాళ్ళచేత బలవంతాన రాళ్ళు కొట్టించి, సరైన కూలి ఇవ్వలేదు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చి, పోడు కొట్టుకోవడానికి లేదు, పశువులు మేపుకోవడానికి లేదు, కట్టెలకూ పుల్లలకూ లేదు అంటున్నది. ఈ మంటలన్నీ కలిసి, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు పట్టుకుని, మూడింట్లోనూ కలిపి 26 తుపాకులు తీసుకుపోయారు. రాజుగారికి కుడిభుజంగా నిలిచినవాళ్ళు ఈ కొండల బిడ్డలు గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు. రాజుగారిని 1924 మే 7న కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మల్లుదొర జైలునుంచి బతికి బయటపడి, 1952లో మన విశాఖపట్నం నుంచి లోక్ సభకు ఎన్నికైనాడు.

ఇంత కథా నేను రాగయుక్తంగా చెప్పి, మెచ్చుకోలుకోసం వెనక్కి తిరిగాను. చిన్నది కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. "అయితే తాతయ్యా, ఆ రోడ్డు వేసినవాళ్ళకు డబ్బులు ఎంత తగ్గించాడు ఆ ఆఫీసరు?" అని అడిగింది.

"అది ముఖ్యం కాదమ్మా" అన్నాను.

మా ఆవిడ దగ్గింది. ఘాటీలో చల్లగాలికి దగ్గు రావడం సహజమేనని అనుకున్నాను.

మనం వెళ్ళిన గూడెం పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ పాటల పెట్టెలూ, ప్లాస్టిక్ పళ్ళేలూ దిగుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి దారి పొడుగునా తెల్లవారేసరికి మిగిలే సీసాలు చూసినవాళ్ళకు నా భయం అర్థమవుతుంది.

కుర్రాడు రోడ్డు పక్క గొడుగు కూడా లేకుండా నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. భగత కులంవాడు. ఇంటర్మీడియట్ దాకా చదివాడు. చేతిలో కత్తి, చంకలో సంచి. దూరదర్శిని లేదు. చిన్నదాని మొహం కొంచెం చిన్నబోయింది.

మొదట కాఫీతోటల గుండా నడిచాం. మన పక్క తోట అంటే ఎండలో ఉంటుంది. ఇక్కడ కాఫీ మొక్క నీడలో పెరుగుతుంది. పైన సిల్వర్ ఓకు చెట్లు, వాటి మొదళ్ళకు పాకిన మిరియాల పాదులు, కింద కాఫీ. ఒకే నేలమీద మూడంతస్తుల మేడ. ఈ కొండల కాఫీకి 2019లో 'అరకు వేలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చింతపల్లి పక్క గింజ కూడా పేరున్నదే. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టినప్పటినుంచి చింతపండూ తేనే కొంటూ, ఇప్పుడు కాఫీ కూడా కొంటున్నది. "పండు కోసేది కార్తీకం దాటేకండి. ఇప్పుడు కాయ పచ్చిది" అన్నాడు కుర్రాడు, ఒక కొమ్మ వంచి చూపించి.

తోట దాటాక అడవి వచ్చింది. గుమ్మం ఏమీ లేదుగాని, గుమ్మం దాటినట్టే తెలిసింది. వెలుతురు తగ్గింది, చప్పుడు మారింది, చెమట పట్టే చలి వేసింది. ఇక్కడ నాకు మొదటి పరాభవం జరిగింది.

ముప్ఫయి ఒక్క ఏళ్ళపాటు నేను ప్రబంధాల్లో వనవర్ణనలు చెప్పాను. ఎన్ని చెట్ల పేర్లో! పిల్లవాడెవడైనా "ఆ చెట్టు ఎలా ఉంటుందండీ?" అని లేచి అడిగితే నిఘంటువు తీసేవాణ్ణి. అందులో 'ఒక వృక్ష విశేషము' అని ఉండేది. అదే చెప్పి కూర్చోబెట్టేవాణ్ణి. ఆనాడు నేను కూర్చోబెట్టిన పిల్లలందరి తరఫునా ఈ కుర్రాడు నాకు పాఠం మొదలుపెట్టాడు.

వేగిస చెట్టు బెరడుమీద పాత గాటు చూపించాడు. దానినుంచి నెత్తురులాంటి ఎర్రటి జిగురు కారి గడ్డకట్టి ఉంది. అడ్డతీగ చూపించాడు. పెళ్ళిళ్ళలో మనం భోంచేసే విస్తరాకు తెలుసుగాని, ఆ ఆకు కాసే తీగ మనిషి తొడంత లావున, పెద్ద చెట్లనే ఎక్కి కూర్చుంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆకు ఆవుడెక్కలాగ రెండు చీలికలు. జీలుగుచెట్టు దగ్గర ఆగి, "ఇది మొదటి గెల తలకాడ ఏస్తాదండి. తర్వాత ఒక్కోటీ కిందికి ఏసుకుంటా వస్తాది. ఆఖరి గెల అయిపోయిందంటే చెట్టు సచ్చిపోతాది. కల్లు తీసీవోడు గెలలు లెక్కెట్టుకుంటాడండి, చెట్టుకి ఇంకెన్నాళ్ళుందో" అన్నాడు. మా ఆవిడ ఆ చెట్టువైపు కాసేపు చూసి, చేత్తో ముట్టుకుని వచ్చింది.

ఇంతలో ఎక్కడో ఎవరో ఈల వేశారు. పాట తెలిసినట్టూ లేదు, తెలియనట్టూ లేదు. బడి ఎగ్గొట్టిన కుర్రాడు తోచినట్టు ఈల వేసుకుంటూ పోతున్నట్టుంది. "ఎవరబ్బాయ్ అది?" అన్నాను మేస్టరు గొంతుతో. కుర్రాడు పగలబడి నవ్వాడు. అది పిట్ట. నల్లగా, నీలం మెరుపుతో, వాగు పక్క రాళ్ళమీద ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని 'విజిలింగ్ స్కూల్ బాయ్' అనే పిలిచారని తరువాత తెలిసింది. నా పొరపాటుకు సాక్ష్యం దొరికినందుకు సంతోషించాను.

ఈ పిట్టల ప్రస్తావన వచ్చింది కనక మరొక సంగతి. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థకు ఇరవై ఏళ్ళు అధిపతిగా ఉన్న డిల్లన్ రిప్లీ, అదే దేశపు బ్రూస్ బీలర్, మన విశాఖపట్నం పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు కలిసి విశాఖ కొండల పక్షుల గురించి రాసిన వ్యాసం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1987, 1988 సంవత్సరాల్లో అచ్చయింది. పిట్టల కోసం అమెరికావాళ్ళు మన కొండలు వెతుక్కుంటూ వచ్చారు. మనం కొండచీపురు కోసం కూడా కొండ ఎక్కకుండా సంతదాకా వెళ్ళి కొనుక్కున్నాం.

కుర్రాడు ఉన్నట్టుండి చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పైన కొమ్మల్లో బెట్టుడుత. మన పెరటి ఉడుత అనుకునేరు! తోకతో కలిపి మూడడుగుల జంతువు. ఎర్రగా, గుబురు తోకతో, ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు ఇరవై అడుగుల దూరం గాలిలో ఎగిరిపోయింది. చిన్నది కేక వేయబోయి నోరు మూసుకుంది. "దూరదర్శిని లేకుండా ఎలా కనిపెట్టావు?" అని అడిగింది. "పిందెలు రాలినాయి కదమ్మా" అన్నాడు అతను, కింద ఆకుల్లోంచి కొరికిన పిందె ఒకటి తీసి ఇస్తూ. మేమంతా ఆ పిందెలు తొక్కుకుంటూనే వచ్చాం.

పదకొండు గంటలకు వాన వెలిసి, పైన ఆకాశం నీలంగా విచ్చింది. అప్పటికి వాగు దగ్గరికి చేరాం. ఇరవై అడుగుల వెడల్పు ఉంటుంది. నీళ్ళు మోకాటిలోతు. అవతలి ఒడ్డున కాలిబాట ఎక్కితే పది నిమిషాల్లో జలపాతం. హోరు వినిపిస్తూనే ఉంది. ఇంత దూరం వచ్చింది దానికోసమే.

కుర్రాడు నీళ్ళ దగ్గర గొంతుకు కూర్చున్నాడు. చేత్తో నీళ్ళు తీసి చూశాడు. లేచి పైకి, వాగు వచ్చే దిక్కుకు చూశాడు. "వొద్దండి మేస్టారూ. తిరిగెలిపోదాం" అన్నాడు.

"ఏం?"

"పైన వాన పడిపోనాదండి. నీరు మారతంది."

నేను నీళ్ళు చూశాను. తేటగానే ఉన్నాయి. ఆకాశం చూశాను. ఎండ కాస్తున్నది. "అబ్బాయ్, ఆకాశం చూడు. ఎక్కడయ్యా వాన?" అన్నాను.

"ఆకాశం ఇక్కడిదండి. నీళ్ళు పైవి."

నాకు ఒళ్ళు మండింది. వీడు అయిదువందలు తగ్గించినందుకు జలపాతం ఎగ్గొడుతున్నాడని అనిపించింది. మీతో దాపరికం ఎందుకు, ఆ మాట మనసులో అనిపించడమే కాదు, పైకే అన్నాను. "వెయ్యి రూపాయలకు సగం అడవే చూపిస్తావా?" అన్నాను. మా ఆవిడ "ఏమండీ!" అన్నది. కుర్రాడి మొహం ఎర్రబడిందిగాని, ఏమీ అనలేదు. ఒడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. చిన్నది నాకూ వాగుకూ మధ్య ఉంది. ఒక కాలు అప్పటికే నీళ్ళలో పెట్టింది. "నువ్వు నడువమ్మా, మోకాటిలోతేగా, నేను వెనకే వస్తాను" అన్నాను దానితో.

అది నావైపు చూసింది. కుర్రాడివైపు చూసింది. రెండు మూడు క్షణాలు. తరువాత నీళ్ళలోంచి కాలు తీసి, వెనక్కి వచ్చి అతని పక్కన నిలబడింది.

ముప్ఫయి ఒక్క ఏళ్ళలో ఏ విద్యార్థీ నన్ను అంత నిశ్శబ్దంగా కాదనలేదు. కోపంతో, సిగ్గుతో ముందు నేనే వెనుదిరిగి గట్టు ఎక్కాను. కుర్రాడు మా అందరినీ ఎత్తుగా ఉన్న బండమీదికి తీసుకువెళ్ళి, "ఇక్కడ కూకోండి. కాసేపు సూడండి" అన్నాడు. మా ఆవిడ పులిహోర పొట్లాలు విప్పింది. ఎవరూ మాట్లాడలేదు.

పులిహోర సగమైంది. పావుగంట కూడా కాలేదు. ముందు చల్లటి గాలి ఒకటి వాగు వెంట దిగివచ్చింది. తరువాత నీళ్ళ గొంతు మారింది. అంతవరకూ గలగలమంటున్నది కాస్తా బొంగురుపోయింది. ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. వాటి వెనకే ఎర్రనీళ్ళు వచ్చాయి. గోడలాగా రాలేదు, సినిమాల్లోలాగా. ఎవరో పైన తూము ఎత్తినట్టు, చూస్తూ ఉండగానే మోకాలు నడుమైంది, నడుము భుజమైంది. చిన్నది కాలు పెట్టిన రాయి కనిపించకుండా పోయింది. మనిషి ఎత్తు దుంగ ఒకటి బొంగరంలా తిరుగుతూ వచ్చి, మేము దాటవలసిన చోట బండకు కొట్టుకుని విరిగిపోయింది.

మా ఆవిడ చిన్నదాన్ని దగ్గరికి లాక్కుని, కొంగు కప్పి కూర్చుంది. నావైపు చూడలేదు. చూసి ఏదైనా అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

చాలాసేపటికి నేనే అడిగాను. "నీకెలా తెలిసిందయ్యా?"

అతను నా మాటలేవీ మనసులో పెట్టుకున్నట్టు లేదు. చేతిలో తీసిన నీళ్ళలో సన్నటి ఆకుతుక్కు కనిపించిందట. తేటగా ఉన్న వాగులో పచ్చి ఆకు తుక్కు వచ్చిందంటే, పైన ఎక్కడో గట్టిగా వాన కొట్టిందన్నమాట. కొండ నిటారుగా ఉంటుంది కనక ఆ నీళ్ళు ఎక్కడా ఆగవు, ఒక్కసారే దిగుతాయి. "సిన్నప్పుడు మేకల్ని ఇక్కడే దాటించినానండి. పైన ఎండే ఉంది. రెండు మేకలు పోనాయి. మా అయ్య బాగా కొట్టినాడు" అన్నాడు నవ్వుతూ. "అప్పట్నించి నీళ్ళు సూడకుండా దాటనండి."

ఆ నీళ్ళు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. జలపాతం చూడలేదు. తిరుగుదారిలో అతని ఇంటి అరుగుమీద కూర్చున్నాం. వాళ్ళమ్మ మాకు చోడంబలి పోసి ఇచ్చింది. మన్యం నీళ్ళని మా నాన్నగారు బెదిరించిన నీళ్ళతో కాచినదే. రెండు గ్లాసులు తాగాను. మంచానికి అంటుకుపోలేదు.

బయలుదేరేముందు పర్సు తీసి పదిహేను వందలు లెక్కపెట్టి ఇచ్చాను. అతను వద్దంటాడని, నేను బలవంతం చేస్తానని, పెద్దమనిషి తరహాగా ముగుస్తుందని లోపల ఊహించుకున్నాను. అతను లెక్కపెట్టుకుని, జేబులో పెట్టుకుని, "సరిపోనాదండి. నేనడిగింది ఇదే కదండి" అన్నాడు.

"మరి వెయ్యికి ఎందుకు ఒప్పుకున్నావు?" అన్నాను.

"మీరు పెద్దోరు, ఏటంటామండి. వానాకాలం ఎవులూ రారు. రోజు ఖాళీగా పోయేకంటే నయం కదా" అన్నాడు.

నా జీవితంలో బేరమాడి గెలిచిన వంకాయలన్నీ ఆ క్షణాన నాకు గుర్తుకొచ్చాయి.

కోస్టారికా సంగతి తరువాత చదివాను. 1980ల నాటికి ఆ దేశంలో అడవి నేలలో ఇంచుమించు పావువంతుకు పడిపోయిందట. 1996లో చట్టం చేసి, మర్నాటి సంవత్సరంనుంచి, అడవిని నరకకుండా నిలబెట్టినవాళ్ళకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. పెట్రోలుమీద పన్ను వేసి అందులోంచి ఇస్తారు. ఇప్పుడు సగానికి పైగా అడవేనట. అడవికి కాపలా ఉన్నవాడి రోజుకు ఖరీదు కట్టి ఇచ్చారన్నమాట. మనం మాత్రం కొండ ఎక్కి చల్లగాలి తగలగానే, ఇక్కడ అరెకరం దొరుకుతుందా అని అడుగుతాం. మా జీపతన్ని ఆ వేళ నేనూ అడిగాను. 1959 నాటి రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ, అంటే అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే చట్టం, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదంటున్నది. చట్టం అడ్డు నిలబడింది కనకనే ఆ కుర్రాడి అరుగు ఇంకా అతనిదిగా ఉంది.

మా ఇంటికి వచ్చాక చిన్నది వాళ్ళ నాన్నకు ఫోను చేసింది. బెట్టుడుత, ఈలపిట్ట, అంబలి, అన్నీ చెప్పింది. చివర, "తాతయ్య దాటమన్నాడు, నేను దాటలేదు" అన్నది మామూలుగా. పక్క గదిలో నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. అవతల మావాడు ఏమన్నాడో వినిపించలేదు. ఫోను నాకు ఇమ్మని మాత్రం అడగలేదు. రెండు రోజుల తరువాత వాడే మాట్లాడి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.

పాఠకులకు నేను చెప్పదలచినవి నాలుగే ముక్కలు. అడవికి వెళ్ళండి. పిల్లలను తీసుకువెళ్ళండి. అటవీశాఖ అనుమతి కావలసిన చోట తీసుకోండి, తీసుకువెళ్ళిన కాగితమూ సీసా వెనక్కి తెచ్చుకోండి. వానాకాలంలో వాగు దగ్గర ఆకాశాన్ని నమ్మకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఊరి మనిషినే వెంట తీసుకువెళ్ళండి, అతను అడిగిన కూలి ఇవ్వండి. మీరు ఇచ్చేది దారి చూపించినందుకని అనుకుంటారు. దారి ఎవరైనా చూపిస్తారు. "వద్దు, వెనక్కి వెళ్దాం" అనే మాటకు ఆ డబ్బు. ఆ మాట చెప్పేవాడిని ముందే బేరమాడి చిన్నబుచ్చితే, ఇంకో రోజు ఇంకొకడు నోరు మూసుకుని ఊరుకోవచ్చు.

మావాడు నన్ను వచ్చే ఏడు కోస్టారికా రమ్మంటున్నాడు. ముందు ఆ జలపాతం చూడాలి. కార్తీకం వెళ్ళాక నీళ్ళు తగ్గుతాయని కుర్రాడు చెప్పాడు. రేటు అడగలేదు.

వచ్చే వారం జాడీలు. సెలవు.